సైబర్ బీమా: రైసు మిల్లుకు ఏది, ఆసుపత్రికి ఏది

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో బీమా ఏజెంటు ఎవరైనా సైబర్ పాలసీ అంటూ వ్యాపారి దగ్గరకు వస్తే, ఆ ఒక్క పేరు కింద నాలుగు రకాల సరుకు ఉంటుందని ముందుగా గుర్తించాలి. యజమాని తన వ్యక్తిగత పేరు మీద తీసుకునే రిటైల్ సైబర్ పాలసీ మొదటిది. దుకాణం లేదా ఆఫీసు ప్యాకేజీ పాలసీకి అనుబంధంగా చేర్చే చిన్న సైబర్ కవరు రెండోది. సంస్థ పేరు మీద విడిగా తీసుకునే పూర్తి స్థాయి వాణిజ్య సైబర్ పాలసీ మూడోది. ఉద్యోగుల మోసాన్నీ, బయటివారు చేసే నిధుల మళ్ళింపునూ ప్రధానంగా చూసే క్రైమ్ పాలసీ నాలుగోది. ఈ నాలుగూ వేర్వేరు నష్టాలకు రాసుకునే ఒప్పందాలు కనుక ప్రీమియంలను పక్కపక్కన పెట్టి తక్కువదాన్ని ఎంచుకుంటే ఫలితం ఉండదు. మీ వ్యాపారంలో డబ్బు ఏ దారిన పోగలదో తేల్చుకున్నాకే పాలసీలను పోల్చాలి. ఏ పాలసీ తీసుకోకుండా అదే సొమ్మును రక్షణ ఏర్పాట్ల మీద పెట్టడం కూడా కొందరికి సరైన ఎంపికే.

చేతిలో ఉన్న అగ్నిప్రమాద పాలసీ ఈ పని చేస్తుందనే భ్రమ మాత్రం వద్దు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష ఒకే చోట 5 కోట్ల రూపాయల వరకు ఉన్న ఆస్తికీ, భారత్ లఘు ఉద్యమ్ సురక్ష 5 కోట్లు దాటి 50 కోట్ల వరకు ఉన్న ఆస్తికీ వర్తిస్తాయి. భవనం, యంత్రాలు, నిల్వ సరుకు వీటి పరిధిలోకి వస్తాయి. ఎలక్ట్రానిక్ పరికరాల పాలసీ ఉంటే సర్వరు కాలిపోయినప్పుడు పరిహారం రావచ్చు. సర్వరు నిక్షేపంగా ఉండి, అందులోని లెక్కలకు ఎవరో దూరాన కూర్చుని తాళం వేస్తే ఈ మూడింటిలో ఏదీ పలకదు.

ముప్పు మారిన తీరు తెలిస్తే పాలసీల్లోని షరతులు ఎందుకు అలా ఉన్నాయో అర్థమవుతుంది. 2017 మే నెలలో వన్నాక్రై అనే హానికర ప్రోగ్రాము ప్రపంచమంతటా కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగినప్పుడు, బ్యాకప్ ఉన్నవారు చాలావరకు తేలిగ్గా బయటపడ్డారు. ఆ తర్వాత ముఠాలు పద్ధతి మార్చుకున్నాయి. ముందు సమాచారాన్ని కాపీ చేసుకుని, బ్యాకప్ ఎక్కడుందో వెతికి చెరిపేసి, ఆ తర్వాతే తాళం వేసి, డబ్బు ఇవ్వకపోతే ఆ సమాచారాన్ని బయట పెడతామని బెదిరిస్తున్నాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ మీద దాడి జరిగినప్పుడు రోజుల తరబడి రోగుల నమోదు, రిపోర్టులు కాగితం మీద నడిచాయి. అదే ఏడాది జనవరిలో హైదరాబాదులోని మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా దోచుకున్నవారు, ఉద్యోగులకు పంపిన నకిలీ మెయిళ్ళ ద్వారా లోపలికి చొరబడ్డారు. 2024 జులైలో రెండు ఘటనలు వరుసగా జరిగాయి. 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయి, అందులో దాడి చేసినవాడంటూ ఎవరూ లేరు. నెలాఖరులో సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ అనే సాంకేతిక సేవల సంస్థ మీద జరిగిన దాడి వల్ల, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ దాన్ని తాత్కాలికంగా చెల్లింపుల వ్యవస్థ నుంచి వేరు చేయగా, దాని మీద ఆధారపడిన దాదాపు 300 చిన్న సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారులు యూపీఐ, ఏటీఎం సేవలకు దూరమయ్యారు. ఒక ఘటనలో దాడే లేదు, మరొకదానిలో దాడి జరిగింది వేరొకరి మీద. మీ పాలసీ ఈ రెండింటిలో దేనికి వర్తిస్తుందో అడిగి చూడండి, ఏజెంటు ఎంత చదువుకుని వచ్చాడో అక్కడే తెలిసిపోతుంది.

మన జిల్లాల్లో చిన్న వ్యాపారులకు ఎదురవుతున్న ముప్పు ఇంత ఆర్భాటంగా ఉండదు. పెళ్ళి పత్రిక, ఆర్టీఏ చలాను, పీఎం కిసాన్ పేర్లతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును, అంటే ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలును, గుమాస్తా ఫోన్‌లో తెరిస్తే చాలు, ఓటీపీలు మోసగాడికి చేరిపోతాయి. తెలిసినవారి గొంతును అనుకరించి ఫోన్ చేయడం కూడా ఇప్పుడు కష్టమైన పని కాదు. నా దృష్టిలో ఇక్కడి వ్యాపారాలకు అన్నిటికంటే పెద్ద గండం మాత్రం బ్యాంకు ఖాతా నంబరు మారిందంటూ వచ్చే ఒక మామూలు మెయిలు.

మిర్యాలగూడలోని ఒక రైసు మిల్లును తీసుకుందాం. కొనుగోలుదారులు ఇతర రాష్ట్రాల్లో ఉంటారు. యంత్రాల విడిభాగాలు, గోనె సంచులు బయటినుంచి వస్తాయి. ధాన్యం సీజన్‌లో లక్షలకు లక్షలు ఆర్‌టీజీఎస్‌లో అటూ ఇటూ కదులుతుంటాయి. మిల్లు గేటు దాటి లోపలికి వచ్చి దొంగిలించాల్సిన వ్యక్తిగత సమాచారం పెద్దగా ఉండదు, కంప్యూటర్లు రెండు రోజులు ఆగినా మర ఆడుతూనే ఉంటుంది. కనుక సమాచార చౌర్యం మీద మూడో పక్షాలు వేసే దావాలకు కోటి రూపాయల కవరు ఇచ్చే పాలసీ ఈ మిల్లుకు అంతగా అక్కరకు రాదు. కావలసింది మాయమాటలతో డబ్బు పంపించుకునే మోసానికి, అంటే పాలసీ భాషలో సోషల్ ఇంజినీరింగ్ నష్టానికి, తగినంత కవరు. ఈ నష్టానికి మొత్తం పరిమితిలో చిన్న భాగాన్ని మాత్రమే ఉపపరిమితిగా ఇవ్వడం బీమా కంపెనీల అలవాటు, కొన్నింటిలో అసలు ఉండదు కూడా.

లెక్క కోసం రెండు పాలసీలను ఊహించుకోండి. మొదటిదానికి మొత్తం పరిమితి 1 కోటి, ఈ మోసానికి ఉపపరిమితి 10 లక్షలు, మిల్లు సొంతంగా భరించాల్సిన మొత్తం 2 లక్షలు. రెండోదానికి మొత్తం పరిమితి 50 లక్షలే, కానీ ఉపపరిమితి 25 లక్షలు, సొంతంగా భరించేది 1 లక్ష. మిల్లు 18 లక్షలు తప్పుడు ఖాతాకు పంపిందనుకుంటే, మొదటి పాలసీ 10 లక్షల దగ్గర ఆగిపోతుంది, రెండోది 17 లక్షలు ఇస్తుంది. పాలసీ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో కనిపించే కోటి రూపాయలకు ఇక్కడ ఏ విలువా లేదు.

అంతటితో అయిపోలేదు. డబ్బు తప్పుదారి పట్టే పద్ధతులు రెండు ఉన్నాయి, పాలసీలు వాటిని ఒకేలా చూడవు. మిల్లు గుమాస్తా మోసపోయి మిల్లు డబ్బును దొంగ ఖాతాకు పంపడం ఒకటి. మోసగాడు మిల్లు మెయిలులోకి చొరబడి, మిల్లు పంపినట్టే బిల్లు తయారు చేసి అందులో తన ఖాతా నంబరు పెట్టగా, కొనుగోలుదారు నమ్మి అతనికి చెల్లించేయడం రెండోది. రెండో సందర్భంలో మిల్లు ఖాతా నుంచి ఒక్క రూపాయి కూడా పోలేదు, రావలసినది రాలేదంతే. బియ్యం మాత్రం లారీలో వెళ్ళిపోయాయి. చాలా పాలసీలు మొదటిదాన్ని మాత్రమే నష్టంగా గుర్తిస్తాయి. రెండోదానికి ఇన్‌వాయిస్ మార్పిడి మోసం పేరుతో ప్రత్యేక ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి అదనంగా చేర్చే రాత, కావాలి. అప్పు మీద సరుకు పంపే మిల్లులకూ, జిన్నింగ్ ఫ్యాక్టరీలకూ, గద్వాల ప్రాంతంలో పత్తి విత్తనాల వ్యాపారం చేసేవారికీ ఈ ఎండార్స్‌మెంట్ లేని పాలసీని నేను సూచించను.

మూడో మెలిక ధ్రువీకరణ షరతు. ఖాతా వివరాలు మార్చమని కోరిక వచ్చినప్పుడు, అంతకుముందే రికార్డులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకున్నట్టు రుజువు ఉంటేనే క్లెయిమ్ చెల్లుతుందని చాలా పాలసీలు రాస్తాయి. మెయిలులో ఇచ్చిన నంబరుకే ఫోన్ చేసి అడిగితే అది నిర్ధారణ కిందికి రాదు. ఖాతా మార్పుల కోసం విడిగా ఒక రిజిస్టరు పెట్టి, ఎవరు, ఎప్పుడు, ఏ నంబరుకు ఫోన్ చేశారో రాసి సంతకం పెట్టించడం ఖర్చు లేని పని. అలాంటి రిజిస్టరు నడిపే మిల్లుకు మోసమే తక్కువ జరుగుతుంది కనుక బీమా అవసరం కూడా తగ్గుతుంది, ఏజెంట్లు ఈ మాట చెప్పరు.

క్రైమ్ పాలసీ ఈ సందర్భంలోనే పోలికకు వస్తుంది. గుమాస్తాయే లోపల చేయి కలిపి నిధులు మళ్ళించే అవకాశాన్ని సైబర్ పాలసీలు సాధారణంగా పట్టించుకోవు, క్రైమ్ పాలసీకి అదే ప్రధాన విషయం. మార్కెట్ యార్డుల్లో అడ్తి వ్యాపారం చేసే సంస్థలు, నగదు, చెక్కులు, బ్యాంకు పాస్‌వర్డులు అన్నీ ఒకరిద్దరి చేతిలో ఉంచే సంస్థలు ముందుగా క్రైమ్ పాలసీ కొటేషన్ అడిగి, అందులో సోషల్ ఇంజినీరింగ్ విభాగాన్ని చేర్చమనడం మేలు. రెండు పాలసీలూ తీసుకుంటే ఒకే నష్టానికి ముందు ఏది చెల్లించాలో రాతపూర్వకంగా తేల్చుకోవాలి, లేకపోతే ఇద్దరు బీమాదారులూ ఒకరి మీదికి ఒకరు నెట్టుకుంటారు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లోని ప్రైవేటు ఆసుపత్రులు, డయాగ్నొస్టిక్ కేంద్రాల లెక్క వేరు. అక్కడ డబ్బు కంటే రోగుల సమాచారం విలువైనది, కంప్యూటర్లు ఆగితే పనే ఆగుతుంది. వీటికి విడి వాణిజ్య సైబర్ పాలసీయే తగినది. ప్యాకేజీ పాలసీకి అతికించిన చిన్న కవరు చాలదు. పూర్తి పాలసీలో దాడి ఎలా జరిగిందో తేల్చే ఫోరెన్సిక్ నిపుణుల ఖర్చు, సమాచారాన్ని తిరిగి నిలబెట్టే ఖర్చు, వ్యాపారం ఆగిన నష్టం, రోగులకు తెలియజేసే ఖర్చు, న్యాయవాదుల ఫీజు అన్నీ వేర్వేరు విభాగాలుగా ఉంటాయి. వ్యాపారం ఆగిన నష్టానికి ఒక నిరీక్షణ కాలం ఉంటుంది, 8 లేదా 12 గంటలు ఆగాకే లెక్క మొదలవుతుంది. ఆ గంటలు గడియారం గంటలా, పనివేళల గంటలా అని అడగాలి. రోజుకు పది గంటలు తెరిచే ల్యాబుకు 12 పనిగంటల నిరీక్షణ అంటే మొదటి రోజు రాబడి మొత్తం పోయినట్టే. నష్టాన్ని గత నెలల రాబడి ఆధారంగా లెక్కిస్తారు కనుక, పుస్తకాల్లో చూపని రాబడికి పరిహారం రాదని కూడా తెలుసుకోవాలి.

వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత అమల్లోకి వస్తాయి. సమాచారానికి సముచితమైన రక్షణ ఏర్పాట్లు చేయకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేసే వీలు ఆ చట్టంలో ఉంది. ఈ అంకెను చూపించి పాలసీ అమ్మేవారు ఎక్కువయ్యారు. జరిమానాలను చట్టం అనుమతించిన మేరకే చెల్లిస్తామని పాలసీలు రాస్తాయి కనుక, ఆ జరిమానాను బీమా కంపెనీ భరిస్తుందని నమ్మి కొనకూడదు. విచారణలో న్యాయవాదికి అయ్యే ఖర్చు దొరికితే అదే మేలు అనుకోవాలి.

గంటల విషయంలో ఆసుపత్రులు జాగ్రత్తపడాల్సింది ఇంకొకటి ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లోగా దానికి నివేదించాలి, కంప్యూటర్లలో ఎప్పుడేం జరిగిందో నమోదయ్యే లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. మరోవైపు పాలసీలు, ముందస్తు అనుమతి లేకుండా నిపుణులను పిలిచినా, ఎవరికైనా డబ్బు చెల్లించినా ఆ ఖర్చు ఇవ్వమంటాయి. అర్ధరాత్రి సర్వరు ఆగినప్పుడు ఊళ్ళోని కంప్యూటర్ మెకానిక్కును పిలిపించి అన్నీ ఫార్మాట్ చేయిస్తే ఆధారాలూ పోతాయి, క్లెయిమూ పోతుంది. అందువల్ల రెండు పాలసీల మధ్య ధర దగ్గరగా ఉంటే, ఇరవై నాలుగు గంటలూ ఫోన్ ఎత్తే సహాయ బృందం ఉన్నదాన్నీ, ఆ బృందంలో హైదరాబాదు నుంచి రాగలిగిన నిపుణులున్నదాన్నీ ఎంచుకోవాలి. ఆ నంబరును కాగితం మీద రాసి గోడకు అంటించాలి, కంప్యూటర్లో దాచుకున్న నంబరు ఆ రాత్రి కనబడదు.

జడ్చర్ల దగ్గర పోలేపల్లి ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్)లోనూ, చౌటుప్పల్ పరిసరాల్లోనూ ఉన్న ఔషధ సంస్థలకూ, వాటికి పనిచేసే చిన్న యూనిట్లకూ చాలాసార్లు ఎంపిక చేసుకునే స్వేచ్ఛే ఉండదు, విదేశీ కొనుగోలుదారు ఒప్పందంలోనే ఎంత పరిమితి ఉండాలో రాసి ఉంటుంది. అక్కడ చూడాల్సినవి మూడు. మొదటిది భౌగోళిక పరిధి. ప్రపంచమంతటా అని రాసి, అమెరికా, కెనడా కోర్టుల దావాలను మినహాయించే పాలసీ అమెరికాకు మందులు పంపేవారికి నిరుపయోగం. రెండోది యుద్ధ మినహాయింపు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా దాడిలో నష్టపోయిన మెర్క్ అనే ఔషధ దిగ్గజానికి బీమాదారులు అది యుద్ధ చర్య అంటూ చెల్లింపు నిరాకరించగా, న్యూజెర్సీ కోర్టులు మెర్క్ పక్షాన నిలిచాయి. అయితే ఆ వివాదం నడుస్తుండగానే లండన్‌లోని లాయిడ్స్ మార్కెట్, 2023 మార్చి 31 నుంచి విడి సైబర్ పాలసీల్లో ప్రభుత్వాల అండతో జరిగే దాడులకు స్పష్టమైన మినహాయింపు ఉండాలని తన సభ్యులను ఆదేశించింది. మీ పాలసీలో ఆ దాడి వెనుక ఫలానా దేశం ఉందని ఎవరు తేల్చాలని రాశారో చదవండి. మూడోది యంత్రాల నష్టం. నియంత్రణ వ్యవస్థలోకి చొరబడి రియాక్టరును పాడుచేస్తే సైబర్ పాలసీ అది భౌతిక నష్టం అంటుంది. అగ్నిప్రమాద పాలసీలో సైబర్ మినహాయింపు చేర్చి ఉంటే అది కూడా తప్పుకుంటుంది. రెండు పాలసీలనూ ఒకే బ్రోకరు ముందు పరచి ఈ సందును పూడ్చమని అడగాలి.

పట్టణ సహకార బ్యాంకులు, పరపతి సంఘాలు సీ-ఎడ్జ్ ఘటనను గుర్తుంచుకుని, సేవలందించే సంస్థ మీద దాడి వల్ల తమ పని ఆగితే కవరు ఉందా అని అడిగితే చాలు, మిగతావి బ్యాంకుల ప్రత్యేక పాలసీలోకి వెళ్ళే విషయాలు.

ఇక గద్వాల, నారాయణపేట చీరలను ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో అమ్ముకునేవారు, చిన్న కిరాణా, మొబైల్ దుకాణాల యజమానులు వాణిజ్య సైబర్ పాలసీ కొనాల్సిన అవసరం నాకు కనిపించదు. రిటైల్ సైబర్ పాలసీ చవకగా దొరుకుతుంది, యజమాని సొంత ఖాతా, సొంత కార్డు మోసాలకు కొంత పనికొస్తుంది, కానీ వ్యాపారం వల్ల వచ్చే నష్టాలను సాధారణంగా మినహాయిస్తుంది. దుకాణం రాబడి యజమాని సేవింగ్స్ ఖాతాలోకే వస్తుంటే క్లెయిమ్ సమయంలో వివాదం తప్పదు. ఇలాంటివారు ఆ సొమ్ముతో వ్యాపారానికి వేరే ఖాతా, వేరే ఫోన్, ప్రతి ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ, కంప్యూటరు నుంచి తీసేసి పక్కన పెట్టే బ్యాకప్ డ్రైవు ఏర్పాటు చేసుకోవడమే నయం. డబ్బు పోయిన మరుక్షణం 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే ఆ సొమ్ము చేతులు మారకముందే ఖాతాలో నిలిపివేసే అవకాశం ఉంటుంది, దానికి ఏ పాలసీ అక్కర్లేదు. పాలసీ ఉన్నవారు కూడా ఈ ఫిర్యాదు చేయాల్సిందే, అది లేకుండా క్లెయిమ్ ముందుకు నడవదు.

ఏ పాలసీ ఎంచుకున్నా ప్రపోజల్ ఫారం స్వయంగా నింపాలి. ఏజెంటు అన్నిటికీ అవును అని టిక్ పెట్టి సంతకం చేయించుకునే అలవాటు ఈ పాలసీలో ప్రమాదకరం. 2022లో అమెరికాలో ట్రావెలర్స్ అనే బీమా కంపెనీ, బహుళ అంచెల ధ్రువీకరణ ఉందని ఫారంలో తప్పుగా రాసిన ఒక సంస్థ పాలసీని రద్దు చేయాలని కోర్టుకెక్కింది, చివరికి ఆ పాలసీ రద్దయింది. మన దగ్గర అంతకంటే ముందు రెండు ప్రశ్నలు బయటపడతాయి. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు సాధారణ మద్దతు నిలిపివేసింది, అయినా ఎన్నో కౌంటర్లలో అదే నడుస్తోంది. ఇక క్రాక్ చేసిన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతూ సైబర్ పాలసీ తీసుకోవడమంటే, క్లెయిమ్ తిరస్కరించడానికి కారణాన్ని ముందే రాసిచ్చినట్టు. మద్దతు లేని, లైసెన్సు లేని సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చే నష్టాలకు మినహాయింపులు తరచుగా ఉంటాయి. ముందు ఈ రెండూ సరిచేసుకుని తర్వాత కొటేషన్ అడిగితే ధర కూడా దిగవచ్చు. ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, జీఎస్టీలో సాధారణ పద్ధతిలో నమోదైన వ్యాపారులు దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు కనుక పోలికలో పన్ను లేని ధరనే చూడాలి.

కంపెనీ మార్చేటప్పుడు ఒక తేదీని వదులుకోకూడదు. ఈ పాలసీలు చాలావరకు, పాలసీ అమల్లో ఉండగా బయటపడి నివేదించిన ఘటనలకే వర్తిస్తాయి, అదీ రెట్రోయాక్టివ్ తేదీ అనే పాత తేదీ తర్వాత జరిగినవైతేనే. ముఠాలు చొరబడిన నెలల తర్వాత బయటపడుతుంటాయి. కొత్త కంపెనీ ఆ తేదీని ఈ ఏటి ప్రారంభానికి జరిపేస్తే, పాత చొరబాటుకు పాత పాలసీ ముగిసి, కొత్త పాలసీ వర్తించక, ఇద్దరూ చేతులెత్తేస్తారు. చవక కొటేషన్ల వెనుక తరచుగా ఉండేది ఇదే.

క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తిరస్కరించినా, నెల రోజుల్లో జవాబు రాకపోయినా హైదరాబాదులో బీమా ఫిర్యాదులను పరిష్కరించే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్ళవచ్చు. ఈ సదుపాయం వ్యక్తులకే గాక ఏక యజమాని సంస్థలకూ, సూక్ష్మ సంస్థలకూ ఉంది, 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం అంబుడ్స్‌మన్‌కు ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్ర పరికరాల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, వార్షిక టర్నోవరు 10 కోట్లు మించని సంస్థ సూక్ష్మ సంస్థ కిందికి వస్తుంది. ఆ పరిధిలో ఉండి చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఇంకా చేయించుకోని వ్యాపారులు పాలసీ కొనే ముందే ఆ పని పూర్తి చేసుకోవాలి. టర్నోవరు 10 కోట్లు దాటిన భాగస్వామ్య మిల్లులకు, ప్రైవేటు లిమిటెడ్ ఆసుపత్రులకు ఈ దారి లేదు, వాటికి వినియోగదారుల కమిషనో, సివిల్ కోర్టో మిగులుతుంది కనుక, అలాంటి సంస్థలు పాలసీ పత్రాన్ని సంతకానికి ముందే ఒక న్యాయవాదికి చూపించి, అందుకయ్యే ఫీజును కూడా ప్రీమియంతో కలిపి లెక్కేసుకోవాలి.